టీచరమ్మ ఆగిన చోటు

బోగోలులో మాకు టైపు నేర్పిన టీచరమ్మ గత వారం కన్నుమూశారు. పొద్దున కాఫీ పెట్టుకుంటూ కూలబడిపోయారట. కావలి ఆసుపత్రికి చేరేలోపే అయిపోయిందని ఆమె చెల్లెలు ఫోన్ చేశారు. "అక్క పోయింది పాపా. నీకే ముందు చెప్తున్నా" అన్నారు. ఏమనాలో తెలియక "సరే ఆంటీ" అన్నాను. చావు కబురుకు సరే అన్నదాన్ని నేను.

ఇంటివాళ్ళను ఓదార్చడానికి పెట్టిన ఆదరణ కూడికలో పాస్టరుగారు, ఆమె గురించి ఎవరైనా రెండు మాటలు చెప్పవచ్చన్నారు. ఒకరి తర్వాత ఒకరు లేచారు. ఆమె దగ్గర నేర్చుకుని కోర్టులో టైపిస్టయిన ఆయన ఏడ్చేశారు. చెల్లెలుగారు నా వైపు చూశారు. ఈ మధ్య టీచరమ్మ పక్కన ఎక్కువగా కూర్చున్నది నేనే. నేను ఒళ్ళోని పాటల పుస్తకం వైపు చూశాను. లేవలేకపోయాను. ఆ రెండు మాటలూ ఇక్కడ రాస్తున్నాను.

ఆమె ఇన్‌స్టిట్యూట్ అంటే ఒక్క గది. ఉప్పుగాలికి తుప్పు పట్టకుండా మిషన్లను రోజూ నూనెగుడ్డతో తుడిచేవారు. కంప్యూటర్లు వచ్చాక వాటినీ తుడవబోతే పిల్లలు నవ్వేవారు. "అది కంప్యూటరని తుప్పుకి తెలుసంటరా?" అనేవారు. ఎవరి కాగితంలో తప్పులున్నా పైకెత్తి చూపించేవారు కారు. పక్కన కూర్చుని, "ఏ వేలు దారి తప్పిందో చూద్దాం" అనేవారు.

నేను తీరిక వేళల్లో ఒక టెక్స్ట్ ఎడిటర్‌కు వాడకం నేర్పే సహాయ పేజీలు దిద్దుతుంటాను. కంప్యూటర్లో రాసుకోవడానికి వాడే ఉచిత సాధనమది. మార్పు ఎవరైనా పంపవచ్చు. ముక్కూ మొహం తెలియనివాళ్ళు నెట్‌లో అందరి ఎదుటా చర్చించి చేర్చుకుంటారు. నోరు విప్పనక్కర్లేదని అందులో చేరాను. ప్రతి వ్యాఖ్యకూ చెవులు వేడెక్కుతాయని తర్వాత తెలిసింది.

అందులో తెలుగులో రాసుకోవడం ఎలాగో చెప్పే పేజీ రాసి టీచరమ్మకు చూపించాను. ఆమె చదివి ఊరుకోలేదు, చేసి చూశారు.

"నువ్వు రాసిందే చేస్తా, రాయనిది చెయ్యను. మధ్యలో నోరు తెరవబాక" అన్నారు. నా మౌనం పనికొచ్చిన చోటు అదొక్కటే.

మొదటి వాక్యంలోనే ఆగారు. "చాలా సులభం అని రాసినావే, ఎవురికి?"

"అందరికీ మేడమ్."

"అంటే నాకు రాకపోతే నేను మొద్దునని ముందే తేల్చేసినావు. తీసెయ్ పాపా. నేర్చుకోను వచ్చినోళ్ళని గుమ్మంలోనే సిగ్గుపెడితే ఎట్టా?"

తీసేశాను.

చివరిసారి ఫైలును దాచుకునే భాగం చేశారు. ఫైలుకు పేరు రాసి, చుక్క పెట్టి, టి ఎక్స్ టి అనే ఇంగ్లీషు అక్షరాలు కొట్టాలి. ఆమె కొట్టారు. తెలుగు అక్షరాలు పడ్డాయి. చెరిపి మళ్ళీ కొట్టారు. మళ్ళీ అవే.

"నీ పేజీ నన్ను తెలుగులోకి తీసకపోయింది. ఇంగ్లీషులోకి తిరిగి రమ్మని యాడ చెప్పినావు?"

ఎక్కడా చెప్పలేదు. కాన్వెంటులో చదివిన నా చెయ్యి నన్ను అడగకుండానే కీబోర్డును ఇంగ్లీషుకు మార్చేస్తుంది. మారుతోందని కూడా నాకు తెలియదు. "రేపు చూద్దాంలే, అన్నం వేళయింది" అని ఆమె లేచారు.

ఒకరు అక్కడ ఆగిపోయారని ఆ సాయంత్రమే చర్చలో భయంభయంగా రాశాను. ఆ మెట్టు అన్ని భాషల పేజీల్లోనూ ఉంది. కూడిక నుంచి ఇంటికొచ్చేసరికి, మార్పులు పరిశీలించే ఆయన జవాబు ఉంది. ఆ మెట్టు స్పష్టంగానే ఉందట, అది ఆ ఒక్కరి పొరపాటు కావచ్చట. అభ్యంతరం లేకపోతే పేజీని ఇలాగే చేర్చేస్తానన్నారు.

ఎదురు చెప్పడం నాకు రాదు. సరే అని టైపు చేశాను. పంపబోతూ ఆ మాటను చూసి తల వంచుకున్నాను. టీచరమ్మ చెల్లెలితో ఫోన్లో నేనన్నదీ అదే.

చెరిపేసి ఇలా రాశాను. "ఈ పేజీని చేసి చూసిన మా టీచరు చనిపోయారు. ఆమె ఇక్కడ ఆగారు. పొరపాటు ఆమెది కాదు, పేజీది." పంపేసి, లాప్‌టాప్ మూసి, వంటింట్లో అమ్మ పక్కన కూర్చుని చిక్కుడుకాయలు వలిచాను.

మర్నాడు తెరిచాను. పరిశీలించే ఆయన పేజీని ఆపి ఉంచారు. ఏ దేశస్థులో, తమదీ ఇంగ్లీషు లిపి కాదంటూ ఒకరు రాశారు.

"నేనూ ఇక్కడే ఆగాను. తప్పు నాదనుకుని ఎవరికీ చెప్పలేదు."

చదువుతుండగానే దాని కింద ఇంకో కొత్త పేరు, ఒక్క మాట వచ్చి చేరాయి.

"నేనూ."