సాంబ్రాణి పొగ పట్టిన గుర్రప్పిల్ల

కూర్చో బిడ్డా, ఆ ఫోను పక్కన పెట్టి సరిగ్గా విను. మధ్యలో లేచి పోతే మళ్లీ మొదటి నుంచి చెప్పను. నా మాటను పుస్తకం భాషలోకి దిద్ది రాస్తానన్నావు కదా, దిద్దుకో. మనుషులు అన్న మాటలు మాత్రం అన్నట్టే ఉంచు. నర్సిమ్మ మాటను దిద్దితే అది నర్సిమ్మ మాటే కాదు.

ఇది 2020లో, ఇంకా ఎండలు ముదరకముందు జరిగింది. షాద్‌నగర్ నుంచి లోపలికి పోయే దారిలో ఉండేది మా స్టడ్ ఫారం. స్టడ్ ఫారం అంటే రేసు గుర్రాలను ఈనించి, పిల్లలను పెంచి, రేసులకు పంపే చోటు. చుట్టూ పత్తి చేన్లు, మొక్కజొన్న. మధ్యలో తెల్లరంగు వేసిన కంచెలు, పచ్చగడ్డి. కొత్తగా వచ్చినవాళ్లు ఇది మన పాలమూరేనా అనుకునేవాళ్లు. నేను అక్కడ ఫోలింగ్ బాక్సుల్లో పనిచేశాను. ఫోలింగ్ బాక్స్ అంటే గుర్రం ఈనే గది. గడ్డి పరవడం, చూలు గుర్రాల పొదుగు రోజూ చూడడం, ఈనిన తర్వాత తల్లినీ పిల్లనూ కనిపెట్టుకుని ఉండడం నా పని. మీ తాత ఎగతాళి చేసేవాడు: "ఊర్లె మంత్రసానుల పని వొడిశింది, నువ్వు గుర్రాలకు మొదలువెట్టినవ్."

మోదుగ ఆ ఫారంలోనే పుట్టింది, తెలంగాణ వచ్చిన ఏడే. కాగితాల మీద దానికి పొడుగాటి ఇంగ్లీషు పేరుంది, మాకెవరికీ నోరు తిరగలేదు. ఒళ్లంతా ఎరుపు, పుట్టింది మోదుగలు పూసే రోజుల్లో, అందుకని మోదుగ అన్నాం. ఫిల్లీ అంటే ఇంకా ఈనని పడుచు ఆడగుర్రం. ఈ ఫిల్లీ మీద మొదట ఎవరికీ పెద్ద ఆశ లేదు. కాళ్లు పొడుగు, ఒళ్లు బక్క. కానీ ప్యాడాక్‌లో, అంటే కంచె వేసిన మేత జాగాలో, తోటి పిల్లలతో పరుగెత్తేటప్పుడు తన ముందు ఇంకొకటి ఉంటే ఓర్చుకునేది కాదు.

రెండో ఏడు నిండకముందే దాన్ని హైదరాబాద్‌లో ఒక ట్రైనర్ దగ్గరికి పంపారు. అక్కడ దాని సయీసు నర్సిమ్మ. సయీసు అంటే గుర్రాన్ని తోమి, తినిపించి, నడిపించి, దాని పక్కనే బతికే మనిషి. ఆయనది నల్గొండ వైపు ఊరు. నేతపని ఇంట పుట్టి, మగ్గం గుంతలో కాళ్లు ముడుచుకుని కూర్చోలేక గుర్రాల దగ్గరికి వచ్చానని చెప్పేవాడు. మా నాయినకు మాకన్నా గుర్రమే ఎక్కువని ఆయన బిడ్డలు అలిగేవాళ్లట.

మొదటి రేసులో గేటు తెరవగానే మోదుగ నిలబడి జనాన్ని చూసింది. అందరికన్నా వెనక వచ్చింది. రెండో రేసు పొద్దున నర్సిమ్మ ఎవరూ చూడకుండా ఉప్పూ మిరపకాయలూ తిప్పి దిష్టి తీశాడు. ఆ రోజు గెలిచింది. ఇంకేముంది, ట్రైనర్ నేర్పిందీ జాకీ తెలివీ ఒక పక్క, నర్సిమ్మ మిరపకాయలు ఒక పక్క. ప్రతి రేసుకూ తీశాడు, అదీ గెలుస్తూ పోయింది. మూడో ఏట ఫిల్లీలకు మాత్రమే పెట్టే పెద్ద రేసును మేమందరం ఫారం ఆఫీసులో టీవీ ముందు నిలబడి చూశాం. మలుపు తిరిగేదాకా గుంపులో ఇరుక్కుని ఉంది. తర్వాత బయటి వైపు సందు దొరికింది చూడు, ఇక టీవీలో పక్క గుర్రాలు కనబడలేదు. మగగుర్రాలతో కలిపి పరుగెత్తించినా అదే ముందు. ఛాంపియన్ అని పేపర్లో బొమ్మ వేశారు. పగ్గం పట్టుకున్న నర్సిమ్మ బొమ్మలోకి రాలేదు, ముంజేయి ఒక్కటే వచ్చింది. ఆ పేపరు మడిచి జేబులో పెట్టుకుని, కనబడిన వాళ్లందరికీ ముంజేయి చూపించేవాడు.

తర్వాత ముందుకాలి నరం వాచింది. రేసులు మాన్పించి మళ్లీ మా దగ్గరికే పంపారు, ఈనించడానికి. పేరున్న ఫిల్లీకి రెండో బతుకు అక్కడ మొదలవుతుంది. ఎన్ని రేసులు గెలిచిందన్నది అయిపోయిన మాట. ఎట్లాంటి పిల్లను కంటుంది, దాన్ని ఎట్లా సాకుతుందన్నదే అందరూ చూస్తారు. నర్సిమ్మ దానితో పాటే వచ్చేశాడు. గుర్రం పదకొండు నెలలు మోస్తుంది. ఆ పదకొండు నెలలూ ఆయన నన్ను సతాయించని రోజు లేదు. పొదుగు దిగిందా, మేత తింటుందా, పిల్లను నేనే మొదట ఎత్తుకోవాలె అక్కా, అదే పాట.

ఆ రోజు మోదుగ తెల్లవారుతుండగా ఈనింది. ఆడపిల్ల. డ్యూటీలో ఉన్న మనిషి, తల్లీపిల్లా బాగున్నారు, నర్సిమ్మ కూడా ఉన్నాడన్న ధైర్యంతో గుర్రాల డాక్టరమ్మకు ఫోన్ చేయడానికి ఆఫీసుకు పోయాడు. నేను వచ్చేసరికి బాక్సు తలుపు బయట నర్సిమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ఒళ్లో కొత్త తువ్వాలు చుట్టిన పిల్ల. లోపల మోదుగ చెవులు వెనక్కి పడేసి, గోడను తంతోంది.

"లచ్చక్కా, కన్నతల్లి పిల్లను దగ్గరికి రానిస్తలేదే," అన్నాడు. "కరవవట్టె, తన్నవట్టె. నేనేం జేసిన?"

పిల్ల మీదికి వంగాను. గుడిలోకి పోయినట్టు సాంబ్రాణి వాసన.

"గిదేం వాసన నర్సిమ్మా?"

"పచ్చిపిల్ల గదా అక్కా. గోరెచ్చని నీళ్లు వోసి, జర పసుపు రాసి, పొగ వేసిన. మనింట్ల చేసినట్టే."

మనిషి పిల్ల సంగతి వేరు. గుర్రం ఈనిన మొదటి గంటలో పిల్లను నాకి, వాసన పట్టి, ఇది నాది అని గుర్తు పెట్టుకుంటుంది. మోదుగ నాకడం మొదలుపెట్టేలోపే ఈయన ఎత్తుకుపోయి తల్లి వాసనంతా కడిగేశాడు. దానికి ఇప్పుడు ఇది ఎవరి పిల్లో. పైగా అది తొలిచూలు గుర్రం, బెదురు ఎక్కువ. ఈనిన వెంటనే వచ్చే ముర్రుపాలు, డాక్టర్లు కొలస్ట్రమ్ అంటారు, మొదటి గంటల్లోనే పిల్ల కడుపులో పడాలి, లేకుంటే చిన్న రోగానికి కూడా ఆగదు. ఆ పాలు పిండి సీసాతో పట్టినా, ఆ తర్వాత నెలల తరబడి సాకాల్సింది తల్లే. తల్లి కాదంటే పిల్లను పరాయి గుర్రం కింద పెట్టాలి. తొలి ఈతలో పిల్లను తన్నిన గుర్రం మళ్లీ ఈతలో తన్నదని నమ్మకం కూడా లేదు.

డాక్టరమ్మ వచ్చింది. నల్గొండ పిల్ల, మాటల్లో నాజూకు లేదు, చెయ్యి మాత్రం మెత్తన. విషయం విని నర్సిమ్మ వైపు ఒక్కసారి చూసింది. "తిట్టుడు తర్వాత. అమ్మా, మావి ఏడ వెట్టిండ్రు?"

మావి, అంటే ఈనిన తర్వాత పడే పొర, పారేయం మేము. ముక్క ఏదైనా లోపల ఉండిపోయిందేమో డాక్టర్ పరిచి చూసేదాకా బకెట్లో దాచి ఉంచుతాం. ఆ రోజు అది ఇంకో రకంగా అక్కరకొచ్చింది. మోదుగకు కొంచెం మత్తు సూది వేసి, ఆమె నిమురుతుంటే నేను పాలు పిండాను. సీసాతో పిల్లకు పట్టి, పసుపును తడిగుడ్డతో తుడిచి, మావినీ తల్లి కింది తడిగడ్డినీ తెచ్చి పిల్ల ఒళ్లంతా రుద్దాం. తల మీద, తోక కింద, ఎక్కువగా తల్లి మూతి తగిలే చోట. ఇక తల్లి తల పట్టుకోవాలి. పిల్ల కనబడితే ఎవరి చేతికీ అది లొంగడం లేదు, నర్సిమ్మకు తప్ప. ఆయన చేతులేమో సాంబ్రాణి.

"అంగీ ఇప్పు," అంది డాక్టరమ్మ. "దాని లద్దితోని చేతులు రుద్దుకో."

నర్సిమ్మ ఆ గుర్రపు లద్దిని మోచేతుల దాకా, మెడ దాకా పూసుకున్నాడు. "రేసుల కాడ సబ్బువెట్టి కడుక్కొమ్మంటుండిరి," అని సణిగాడు. ఆ ఏడుపులోనూ మాకు నవ్వొచ్చింది.

నేను పిల్లను తల్లి భుజం పక్కకు నడిపించాను. మోదుగ పళ్లు చూపించింది. వెనక్కి తెచ్చి, కాసేపాగి మళ్లీ నడిపించాను. కాలు ఎత్తింది. నర్సిమ్మ దాని చెవి దగ్గర మూతి పెట్టి ఏదో చెబుతూనే ఉన్నాడు, నాకు వినబడలేదు. పొద్దెక్కింది. బాక్సులోకి ఎండ వచ్చింది. నా నడుము పడిపోతోంది, పిల్లకు నిద్ర ముంచుకొస్తోంది. డాక్టరమ్మ ఇక నర్స్ మేర్ కోసం, అంటే పాలిచ్చే పరాయి గుర్రం కోసం, పక్క ఫారంకు ఫోన్ చేస్తానని లేచింది. "జర ఆగమ్మా," అన్నాను, ఎందుకన్నానో తెలియదు. ఈసారి పిల్లే తూలి తల్లి మూతికి తగిలింది.

మోదుగ వాసన చూసింది. మెడ, వీపు, తోక. మళ్లీ మెడ. తర్వాత ముక్కులోంచి గురగురమని సన్నగా ఒక చప్పుడు చేసింది. ఆ చప్పుడు గుర్రం తన పిల్ల దగ్గర తప్ప ఇంకెక్కడా చేయదు బిడ్డా. రేసు గెలిచినప్పుడు కూడా దాని గొంతులో అది ఎవరూ వినలేదు. నాకడం మొదలుపెట్టింది. నర్సిమ్మ పగ్గం వదలలేదు కానీ మొహం గోడకు తిప్పుకున్నాడు. పిల్ల పొదుగు అనుకుని మొదట ఆయన మోచేతిని చీకింది. నేను తోక దగ్గర పట్టి సరైన చోటికి తిప్పాను.

ఆ పిల్ల పెద్దదై హైదరాబాద్‌లో పరుగెత్తింది. తల్లి అంతటిది కాలేదు, కానీ గెలిచింది. మోదుగ ఆ తర్వాత కూడా ఈనింది, ఒక్క పిల్లనూ తన్నలేదు. రెండో ఈతప్పుడు నర్సిమ్మ తలుపు బయట చేతులు చంకల్లో దాచుకుని నిలబడ్డాడు.

"ముట్టనా అక్కా?"

"నన్ను గాదు, తల్లిని అడుగు," అన్నాను.

మధ్యాహ్నం దాకా అట్లాగే నిలబడ్డాడు. చివరికి మోదుగే పిల్లను వెంటేసుకుని తలుపు దగ్గరికి వచ్చి ఆయన భుజం మీద మూతి పెట్టింది.

ఇన్నేళ్ల పనిలో నాకు తెలిసింది అదే. ముద్దు ఎంతున్నా పుట్టిన పిల్ల దగ్గర మన చేతులు కాసేపు ఆగాలి. నీ తమ్ముడు పుట్టినప్పుడు కూడా చూడు, దవాఖానలో నర్సు వాణ్ని తెచ్చి నాకే అందించబోయింది. నాకు చేతులు గుంజుతున్నాయి, అయినా వెనక్కి జరిగి, ముందు మీ అమ్మకు ఇయ్యమన్నాను. మీ అమ్మ వాణ్ని గుండె మీద పెట్టుకుని, నా వైపు చూసి ఏమందంటే... ఆగు, వంటింట్లోంచి మీ అమ్మే పిలుస్తోంది.

"అత్తమ్మా, అన్నం సల్లారిపోతాంది. పిల్లను గూడ లెవ్వనియ్యి, ఇద్దరు వచ్చి తినుండ్రి."