నలభై ఒకటో గూడు

ఆస్ట్రేలియాలో, పక్షుల లెక్కలు దాచే మా హోబార్ట్ ఆఫీసులో మెరిన్ క్విల్టీ అంత జాగ్రత్త గల మనిషి ఇంకొకరు లేరు. టీ కప్పు పెట్టే చోటు కూడా రెండుసార్లు చూసుకుంటుంది. అలాంటి మనిషికే ఇది జరిగింది, అందుకే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

బ్రూనీ దీవిలో ఆల్బీ అనే ముసలాయన ముప్ఫై ఏళ్లు పెంగ్విన్ గూళ్ల చుట్టూ తిరిగాడు. గూటిగూటికీ నంబరేసి, చూసిందల్లా జావాస్క్రిప్ట్ అనే కంప్యూటరు భాషలో రాసిన మా ప్రోగ్రాములోకి ఎక్కించాడు. ఓ చలికాలంలో ఆయన పోయాడు అనుకునేలోపే పాత సర్వరు తీసేసే రోజు వచ్చింది. దాంట్లోదంతా ఫైలుగా రాసిపెట్టే పని మెరిన్ మీద పడింది.

మొత్తాన్ని ఒక్కసారే అక్షరాలుగా మార్చమంటే ప్రోగ్రాము మూడుసార్లు కుప్పకూలింది. అంత పొడుగు రాత ఒక్క దెబ్బకి అది మోయలేదు. మెరిన్ పద్ధతి మార్చింది. ఒక్కో గూటిని తీసి ఒక్కో వరుసగా రాయడం, అది ఫైల్లో పడ్డాకే తర్వాతది. నాలుగు నిమిషాల్లో అయిపోయింది. లెక్క చూస్తే గూళ్లెన్నో వరుసలూ అన్నే. ఫైలు ఎంత తేలిగ్గా వచ్చిందో అని మురిసిపోయాం, నేనైతే కేకు కూడా తెచ్చాను. సర్వరునీ, దాని బ్యాకప్పునీ చెరిపేశారు.

నెల తిరక్కుండా ఆల్బీ భార్య నోలీన్ ఫెర్రీ ఎక్కి వచ్చింది. చివరిరోజు ఆయన నలభై ఒకటో గూటి దగ్గర ఏం రాశాడో చదివి వినిపించమంది. మెరిన్ ఆ వరుస తెరిచింది. నంబరుంది, తేదీ ఉంది. రాతలుండాల్సిన చోట రెండు ఫ్లవర్ బ్రాకెట్లు, మధ్యలో ఏమీ లేదు. పై వరుసా అంతే, కింది వరుసా అంతే.

ఆల్బీ రాతలన్నీ ప్రోగ్రాములో మ్యాప్ అనే మూటలో ఉండేవి. జావాస్క్రిప్ట్ ఆ మూట తనంతట తాను విప్పదు. ఖాళీ బ్రాకెట్లు రాసేసి ఊరుకుంటుంది, తప్పు జరిగిందని ఒక్క ముక్క చెప్పదు. కొత్తగా చేరినవాళ్లకి ఈ సంగతి నేర్పేది మెరినే. కుప్పకూలిన మూడుసార్లూ మూట విప్పే అడుగు రాసింది, పద్ధతి మార్చేటప్పుడు అదొక్కటి జారిపోయింది.

"నేనే పోగొట్టాను, నోలీన్. ఆయన మాట ఒక్కటీ మిగల్లేదు."

నోలీన్ తెర మీద నలభై ఒకటి అన్న అంకె మీద వేలు పెట్టింది.

"పక్షి లేని గూటిని కూడా ఆల్బీ లెక్కలోంచి కొట్టేసేవాడు కాదు, అమ్మాయ్. నంబరు ఉంచి, మరుసటి ఏడు వెళ్లి చెయ్యి పెట్టి చూసేవాడు. నువ్వూ ఉంచు."

తిట్టినా బాగుండేదని మెరిన్ నాతో అంది. కళ్లు మూస్తే ఆ బ్రాకెట్లే కనబడతాయట. ఇది జరిగి ఆరేళ్లు. ఇప్పుడు ఏ ఫైలు రాసినా తిరిగి చదివించి, పాతదాంతో పోల్చితే గాని ఎవర్నీ ఏదీ చెరపనివ్వదు.

ఏటా సెప్టెంబరులో, పెంగ్విన్లు గూళ్లకి చేరే రోజుల్లో, ఆల్బీ ఫైలు తెరుస్తుంది. నలభై ఒకటో వరుస దాకా వెళ్లి, ఆ రెండు బ్రాకెట్ల మధ్య కర్సరు పెట్టి చూస్తుంది.