నేను చెరిపేసిన గది

ఆ గదిని నేను ఊహించి కట్టలేదు. జగిత్యాలలో నా బొమ్మల ఫోటోలు చూసినవాళ్లు అడిగితే నా మనసులో పుట్టిందని చెప్పాను. అడిగే హక్కు ఉన్న ఒకే ఒక్క మనిషికీ అదే చెప్పాను. ఆ గది నా స్నేహితుడిది.

కోరుట్లలో నాకు ఫోటో స్టూడియో ఉండేది. గల్ఫ్‌కు పోయినవాళ్లు ఇంటికి పంపే ఫోటోలో వాళ్లు పడుకునే చోటు ఉండదు. ఎవరిదో కారు పక్కన నిలబడతారు. అదీ కుదరనివాళ్లు ఫోటో నాకు పంపేవారు. వెనకాలది చెరిపి ఏ తోటో, హోటలు గోడో పెట్టేవాణ్ణి. నా స్నేహితుడు సిరిసిల్లలో సాంచెలు నడిపేవాడు. మరమగ్గాలను అక్కడ అలాగే అంటారు. సాంచెలు వారంలో మూడు రోజులైనా తిరగని కాలంలో దుబాయి పోయాడు. ఒకరోజు తను పడుకునే రూములో దిగిన ఫోటో పంపి ఫోన్ చేశాడు.

"నా మొకం ఉంచి ఎనుకదంత తీసెయ్యిరా. మీ చెల్లె చూస్తే అన్నం తినదు."

"ఏం పెట్టాలె? తాజ్‌మహలా?"

"ఆమె నమ్ముతదంటే గదే పెట్టు!"

హోటలు గోడ పెట్టాను. అసలు ఫోటో దాచుకున్నాను.

స్టూడియో పని తగ్గాక అట్టపెట్టెల్లో చిన్న చిన్న ఇళ్లు కట్టి, బొమ్మలతో కథలుగా ఫోటోలు తీయసాగాను. వలసపోయిన బొమ్మ కథకు ఆ ఫోటో బయటికి తీశాను. సైకిల్ పుల్లలతో రెండంతస్తుల మంచాలు ఆరు. ఇటుకపొడిలో జిగురు కలిపి తుప్పు. పరుపుల మీద చెమట మరకలకు టీ డికాక్షన్. ఫోటోలో ఉన్నట్టే ఒక మంచం తలవైపు చిన్న బకెట్. నల్లుల కోసం గసగసాలకు ఎర్రరంగు పూసి, సూదిమొనతో ఒక్కొక్కటే అంటించాను. బాగా కుదిరాయని ఈల కూడా వేశాను. అవి అక్కడ నా స్నేహితుణ్ణి కుడుతున్న నల్లులు.

ఫోటోలో అతని మంచానికి తెరగా ఒక దుప్పటి వేలాడుతోంది. నీలం గళ్లు, ఒక మూల ఆకుపచ్చ అతుకు. సిరిసిల్లలో లంగాలు కుట్టే అతని భార్యే నా బొమ్మలకూ బట్టలు కుట్టేది. అరచేయంత గుడ్డ ఇచ్చి, అలాంటిదే కుట్టమన్నాను. ఆమె మిషన్ ఆపింది.

"ఆకుపచ్చ అతుకు ఎందుకన్నా?"

"ఊకెనే. కథల గట్లుంటది."

కుట్టి ఇచ్చింది. ఆ దుప్పటి ఆమె ఇచ్చి పంపిందేనన్న సంగతి అప్పుడు తట్టలేదని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. తట్టింది. బొమ్మ బాగా రావాలనుకున్నాను, అంతే.

జగిత్యాలలో ఒక బడి హాల్లో ఫోటోలతో పాటు ఆ గదినీ ప్రదర్శనకు పెట్టాను. "నల్లులు సుత పెట్టిండు సూడు, ఎంత ముద్దుగున్నయో!" అని ఒకావిడ నవ్వింది. వంగి దండం పెట్టాను. అప్పటికే నా స్నేహితుడి భార్య వచ్చి ఆ గది ముందు నిలబడి ఉంది.

"గీ రూము ఎవలదన్నా?"

"ఎవలది గాదు చెల్లె. నా మనసుల పుట్టింది."

"బకెట్ తలాపుకు పెట్టినవ్. ఆయన ఇంట్ల సుత గట్లనే పెట్టుకుంటడు."

ఆ ఒక్క మాట అని బస్టాండుకు వెళ్లిపోయింది. నేను వెనక పోలేదు. ఎవరో సెల్ఫీ అడిగితే నవ్వుతూ నిలబడ్డాను. నా ముఖం మీద నాకు రోత పుట్టించే ఫోటో అదొక్కటే.

ఆ రోజే ఆమె ఫోన్ చేసి, నీది పైమంచమా కిందిమంచమా అని అతణ్ణి అడిగిందట. అతను ఇంటికి ఫోటోలు పంపడం మానేశాడు.

సెలవు మీద వచ్చాడని తెలిసి సిరిసిల్ల పోయాను. ఇద్దరూ గడపలోనే ఉన్నారు.

"ఏందిరా, ఇంకో రూము కావాల్నా?" అన్నాడు.

బొమ్మ దుప్పటి తీసి ఆమె చేతికిచ్చాను.

"దాయమని ఇచ్చినదాన్ని నేను బజార్ల పెట్టిన. చెల్లె, నీ చేతులతోనే కుట్టించిన. నువ్వు అడిగితే మొకం మీద అబద్ధం చెప్పిన. తప్పయింది. ఇద్దరు మాఫ్ చెయ్యుండ్రి."