ఆరో జత

నా చిన్నప్పుడు, మా ఊళ్లో యుద్ధాన్ని ఎద్దుల మీదికి తెచ్చిన ఘనత నాదే. మిషను బడిలో నాలుగు అక్షరాలు నేర్చినందుకు, ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చి వసారాలో పెద్దలకు పేపరు చదివి వినిపించే పని నాకు పడింది. బేతంచెర్ల స్టేషనుకు పోయినవాళ్లెవరైనా తెస్తే వారం ఆలస్యంగా అందే పేపరది. పేపరు చదివేదాన్ని కదా, పేర్లు పెట్టే హక్కూ నాదేననుకున్నాను.

మాది నల్లరేగడి నేల. గరిక పట్టిన చేనును పెళ్లగించాలంటే పెద్ద మడక, అంటే పెద్ద నాగలి, కావాలి. దాన్ని లాగడానికి ఆరు జతల ఎద్దులు కావాలి. అన్ని ఎద్దులున్న ఇల్లు ఊళ్లో లేదు. అందుకని ఆరిళ్లవాళ్లు తలా ఒక జత తెచ్చి, ఒకే మోకుకు కట్టి, చేను తర్వాత చేను దున్నుకునేవారు. చివరగా, ఎద్దుల్లేని మా పక్కింటి అక్క చేను. ఆమె భర్త పటాలంలో చేరి ఏ దేశంలో ఉన్నాడో తెలియదు. ఆ చేను దున్నితేనే ఆ ఏడు ఆమెకూ బిడ్డకూ బువ్వ.

ఆ ఆరు జతలకూ నేను దేశాల పేర్లు పెట్టాను. మా తాతయ్య జత రష్యా. ఎదురింటి పెద్దాయన జత జర్మనీ. అందరూ నవ్వి అలాగే పిలిచేవారు. ఇంతలో ఒక ఆదివారం, నిన్నటిదాకా స్నేహంగా ఉన్న రష్యా మీద జర్మనీ మాట తప్పి పడిందన్న వార్త చదివాను. మరునాడు అక్క చేలో రష్యా వెనకే జర్మనీని కట్టడం చూసి నా నోరు ఊరుకోలేదు. "తాతా, వెనకనుంచి పొడుస్తాయి, చూసుకో!" అని అరిచాను.

కుర్రకారు అందుకుంది. "ఏమప్పా జర్మనీ, మాట మీద నిలబడవంట కదా!" అన్నాడొకడు. "రేపు మా గడ్డివామి మీద పడతావా ఏంది?" అన్నాడింకొకడు. పెద్దాయన మొదట నవ్వాడు. మూడో మాటకు నవ్వు ఆగింది. "మాట తప్పేవాని ఎద్దులు మీకెందుకప్పా?" అని తన జతను విప్పి తోలుకుపోయి, అవతలి గట్టున కూర్చున్నాడు.

ఐదు జతలతో మడక కదల్లేదు. రెండు రోజులు ఎండ కాస్తే తడి ఆరి నేల బిగుసుకుపోతుంది. అక్క బిడ్డను చంకనేసుకుని చూస్తూ నిలబడింది. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

తాతయ్యా తిట్టలేదు. "రా పాపా, ఒక జత తక్కువుండాది. నువ్వు విప్పించినావు, నువ్వే పట్టు" అని మోకు కొస నా చేతికిచ్చాడు.

లాగాను. అరచేతులు కందాయి, ఏడుపొచ్చింది. మడక మాత్రం తాతయ్యలాగే నిబ్బరంగా ఉంది. మూడోసారి లాగి బోర్లా పడ్డాను. అవతలి గట్టు నుంచి పెద్దాయన కేక వినిపించింది. "ఓ ముసలోడా, పసిదాన్ని మోకుకు కడతావా? నీకు బుద్ధుండాదా?"

"బుద్ధి శానా ఉండాది. ఎద్దులే లేవు" అన్నాడు తాతయ్య, అటు చూడకుండానే.

పెద్దాయన గొణుక్కుంటూ ఎద్దులను తోలుకొచ్చాడు. ముందు నన్ను లేపి, నా అరచేతులు ఊది, ఆ తర్వాతే మోకు కట్టాడు. ఒక్క షరతు పెట్టాడు. తన ఎద్దులను మల్లిగాడు, కర్రెగాడు అనే పిలవాలి. మరునాటి పొద్దు వాలేలోగా అక్క చేను పూర్తయింది.

ఆ తర్వాత ఎన్నో పేపర్లు చదివాను. దేశాలు కలిసి కూర్చుని, మాటా మాటా పెరిగి, ఎవరో ఒకరు తమ జతను విప్పుకుని లేచి వెళ్లిపోయారని చదివినప్పుడల్లా, తప్పెవరిదని ముందు వెతకను. ఎవరి చేను ఆగిపోయిందో వెతుకుతాను. ఆ సంగతి మాత్రం పేపర్లో దొరకదు.

ఊరందరి ముందు నన్ను ఎద్దును చేసిన తాతయ్య మీద కసి తీర్చుకోకుండా ఉంటానా? తర్వాతి ఆదివారం యుద్ధం ఊసెత్తకుండా, తలనూనె, పైత్యం మందు, గోడ గడియారం ప్రకటనలన్నీ వార్తలు చదివే గొంతుతో చదివేశాను. తాతయ్య కళ్లు మూసుకుని చివరిదాకా విన్నాడు.

"శానా దినాలకు మంచి వార్తలు చదివినావు పాపా" అన్నాడు.