పొట్టివాడి తుపాకీ కోసం

విశాఖ పోర్టు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో భ్రమరాంబ గొంతు తెలియనివాళ్లు లేరు. ఓడలాగే బెర్తు మీదివాళ్లు గోడౌనుతో మాట్లాడాలన్నా, గోడౌనువాళ్లు రైల్వేవాళ్లతో మాట్లాడాలన్నా ఆ గొంతు మీదుగానే పోవాలి. కాకినాడ దగ్గర పుట్టి, పెళ్లయ్యాక ఇక్కడికొచ్చిన మనిషి. భర్త గురునాథరావు పోర్టులోనే, ఓడల్ని లాగే టగ్గు మీద ఇంజనీరు. ఆదివారాలు ఆమె ఎక్కడికి వెళుతుందో మాత్రం ఆఫీసులో కొద్దిమందికే తెలుసు. మధురవాడ అవతల, పని ఆపేసిన రాళ్ల క్వారీలో తుపాకీ పేల్చడానికి వెళ్లేది.

కాలేజీలో ఎన్‌సీసీ రైఫిల్ బాగా కాల్చేది. డెబ్బై ఏడులో ఊళ్లోని షూటింగ్ క్లబ్బువాళ్లు ఆ క్వారీలో మట్టిబిళ్లలు ఎగరేసే యంత్రం పెట్టారని విని చూడబోయింది. సాసరంత నల్లటి బిళ్ల. 'పుల్' అని కేకవేయగానే గొయ్యిలోంచి రివ్వున లేచి, ఎటు పోతుందో ముందు తెలియనివ్వకుండా పోతుంది. నేలకు దిగేలోగా దాన్ని పగలగొట్టాలి. రైఫిల్ అయితే ఊపిరి బిగబట్టి తీరిగ్గా గురి చూసుకోవచ్చు. ఇక్కడ ఆగి ఆలోచించారా, బిళ్ల కొండవాలు మీద పడి ఉంటుంది.

క్లబ్బుకున్న రెండు గొట్టాల తుపాకీ ఆమెకు బొత్తిగా లొంగలేదు. భుజానికి ఎత్తుతుంటే దాని వెనక చెక్క పైటలో చిక్కుకునేది. గురునాథరావు పాత ఖాకీ చొక్కా చీర మీద తొడుక్కుని వెళ్లినా చంకలో తట్టుకునేది. సోమవారం దవడ కమిలి డ్యూటీకి వస్తే పక్క సీటు ఆపరేటరు పంటి నొప్పా అని అడిగేది. అవునని ఊరుకునేది.

"మానెయ్యరాదూ," అన్నాడు గురునాథరావు ఒకసారి, ఉప్పు కాపడం పెడుతూ.

"మానేస్తాను. ఎందుకు తగలడంలేదో తెలిశాక మానేస్తాను," అంది.

రెండేళ్ల తర్వాత ఆ క్వారీలోనే పోటీలు జరిగాయి. హైదరాబాదు నుంచి కూడా పేరున్నవాళ్లు వచ్చారు. భ్రమరాంబ తన వంతు తొందరగా ముగించుకుని వాళ్ల తుపాకులు చూస్తూ తిరిగింది. ఒకాయనది గొట్టం మీద గొట్టం ఉన్న తుపాకీ, పొడుగెక్కువ. పొడుగుంటే ఊపు మధ్యలో ఆగదన్నాడు. ఆయన పక్కనే నిలబడ్డ మనిషి, పొడుగంతా దండగ, పొట్టి గొట్టమే చురుగ్గా తిరుగుతుందన్నాడు. ఇద్దరూ దాదాపు సమానంగా పగలగొడుతున్నారు. మరి ఇద్దరి మాటా ఎలా నిజమవుతుంది?

ఆ రోజు గెలిచినాయన శ్రీరామ్మూర్తి, ఆరడుగుల పైచిలుకు మనిషి. ఆమె ప్రశ్నలు విని నవ్వి, తన తుపాకీ చేతికిచ్చాడు. "కాల్చి చూడండి. అంత మంచి తుపాకీతో ఎందుకు తగలదో చూద్దాం."

ఒక్క బిళ్లా పగల్లేదు. ఆమె బతిమాలితే ఆయన క్లబ్బు తుపాకీతో కాల్చాడు. ఆయనకూ నాలుగు బిళ్లలు తప్పిపోయాయి. నవ్వు తగ్గి, తుపాకీని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"నాది మంచిదని కాదండీ. నా చేతికీ, మెడకీ, చెంపకీ సరిపోయింది, అంతే. చెంప ఆనించి కళ్లు తెరిస్తే, చూపు పోయే చోటికే గుళ్లు పోవాలి. మీరు మీ ఎత్తున్న మనిషి తుపాకీ వెతుక్కోండి."

క్లబ్బు తుపాకీ వెనక చెక్క కోసి పొట్టిచేయడానికి సెక్రటరీ ఒప్పుకోలేదు. అది అందరిదీ కదా. దాంతో ఆమె ఒక వింత వెతుకులాట మొదలెట్టింది. మంచి తుపాకీ కాదు, పొట్టివాడి తుపాకీ కావాలి. ఎక్స్ఛేంజిలో లైను ఖాళీగా ఉన్నప్పుడల్లా అవతలివాళ్లను అడిగేది: "మీ ఎరుకలో వేటాడే పొట్టివాళ్లు ఎవరైనా ఉన్నారాండీ?"

అలా తెలిసినాయన ఆనందపురం జగ్గారావు. ఒకప్పుడు కలప వ్యాపారం. వేట కూడదని చట్టం వచ్చాక తుపాకీ కాల్చలేదు. ఆమె భర్తతో కలిసి జీడితోటలోకి వెళ్లేసరికి గట్టు మీద కూర్చుని ఉన్నాడు. లేచి నిలబడ్డాడు. సరిగ్గా ఆమె ఎత్తే.

"తుపాకీ ఏటి, ఆడమనిషికా? ఏటి సేత్తావమ్మా?"

"మట్టిబిళ్లలు కొడతాను, బాబాయిగారూ."

"కొడితే?"

"పగులుతాయి."

ఆయనకు ఆ జవాబు నచ్చింది. "అమ్మను గానీ, సూత్తాను. ఆదోరం నానే అట్టుకొత్తాను."

తన కొలతకు వెనక చెక్క కోయించుకున్న తుపాకీ అది. క్వారీలో భ్రమరాంబ ఎత్తగానే ఎక్కడా తట్టుకోకుండా భుజంలో కుదురుకుంది. కానీ బిళ్లలు మాత్రం పగల్లేదు. జగ్గారావు ఆమె వెనకే నిలబడి చూశాడు. "కిందకి పోతన్నాయమ్మా," అన్నాడు. ఆయన వేటంతా నేల మీద పరుగెత్తే జంతువుల మీద. ఈ బిళ్లేమో పైకి లేస్తోంది.

ఎంత కిందకి? అది చూడ్డానికి గురునాథరావు ఉపాయం చెప్పాడు. ఓడల్లో తీసేసిన పాత సముద్రపటాలు అతని ఆఫీసులో దొంతరలుగా పడి ఉండేవి. వాటిని తిరగేసి వెదురు చట్రానికి తగిలించారు. తెల్లటి కాగితం మధ్య నల్లచుక్క పెట్టి కాలిస్తే, తూటాలోంచి చిమ్మిన సన్నటి గుళ్ల రంధ్రాలన్నీ చుక్క కిందే గుంపుగా పడ్డాయి. కన్ను కాస్త ఎత్తుకు రావాలని భ్రమరాంబ చెంప ఆనే చోట కంబళి ముక్క పెట్టి ప్లాస్టరు చుట్టింది. గుంపు కాస్త పైకి జరిగింది. ఇంకో ముక్క పెట్టింది. ఇంకాస్త జరిగింది.

"దానికి దెబ్బ తగిలినట్టు కట్లేటమ్మా," అన్నాడు జగ్గారావు. అంటూనే మూడో ముక్క తనే కత్తిరించి ఇచ్చాడు.

గుంపు చుక్కకు కొంచెం పైన పడేదాకా ఆగలేదు వాళ్లు. ఆ సాయంత్రం మొదటి బిళ్ల గాల్లో నల్లటి పొడి అయిపోయింది. భ్రమరాంబ తుపాకీ దించి, అది రాలిన చోటు వైపు చూసింది. తర్వాతి బిళ్ల అడగడం కూడా మరిచిపోయింది.

అమ్మనన్న జగ్గారావు తుపాకీ ఆమెకే ఇచ్చేస్తానన్నాడు. లైసెన్సు కాగితాలు ఆమె పేరు మీదకు మారేసరికి ఒక వానాకాలం గడిచింది. ఇచ్చేటప్పుడు జగ్గారావు ఒకటే షరతు పెట్టాడు. ఎక్కడ కాల్చినా తను చూడాలి. ఆయన భార్య అసిరమ్మ మాత్రం, "మంచం కిందనుంచి ఆ పీడ పోయింది, సాలు," అంది.

ఎనభై రెండులో హైదరాబాదు పోటీలకు ముగ్గురూ వెళ్లారు. మొదటి రోజు భ్రమరాంబ ఎన్నడూ కాల్చనంత బాగా కాల్చింది. రెండో రోజు ఎండకు చెమటపట్టి ప్లాస్టరు జారింది. సరిచేసుకునేలోగా బిళ్లలు చేజారాయి. చివరికి నాలుగో స్థానం వచ్చింది. పతకం లేదు. గుడారం వెనక్కి వెళ్లి, ముఖం కడుక్కుని వచ్చింది.

తిరుగు రైల్లో గురునాథరావు ఆమెకు టీ ఇప్పించాడు. జగ్గారావుకు మాత్రం నోరు ఊరుకోలేదు. రెండ్రోజులూ పోటీ చూడ్డం తక్కువ, ఒక్కొక్కళ్ల తుపాకీ గొట్టంలోకి తొంగిచూడ్డం ఎక్కువ చేశాడాయన.

"ఆళ్ల మొదటి గొట్టం కొస మనదంత ఇరుగ్గా లేదమ్మా. గుళ్లు బేగి ఇచ్చుకుని సుట్టూ పరుసుకుంటాయట. మనదీ కొంచెం వదులు సేయిద్దుమా?"

"పాడైపోతే?"

"పోతే పోద్ది. తెలుస్తాది గదా."

ఆమె మొహంలోకి నవ్వొచ్చింది. వాల్తేరు స్టేషన్‌లో దిగేలోపే ఆ పని ఎవరిచేత చేయించాలో తేల్చేశారు. కంబళి ముక్కల చోట చెక్క అతికించారు. మొదటి గొట్టం కొస వదులు చేయించారు. మరుసటి ఏడు భ్రమరాంబకు కంచు పతకం వచ్చింది. ఎక్స్ఛేంజిలో అందరికీ పూతరేకులు పంచి, ఆనందపురానికీ పట్టుకెళ్లింది.

జగ్గారావు రెండు పూతరేకులు తిని, చేతులు దులుపుకుంటూ అడిగాడు. "అది సరే గానీ, నువ్వు రెండు కళ్లూ తెరిసి కాలుత్తన్నావా, ఒకటి మూత్తన్నావా?"

భ్రమరాంబ ఆలోచించింది. ఆమెకే తెలియదు.

"ఆదోరం సూద్దుం," అన్నాడాయన.