వదిన ఇంటి కింద భూమి అంచు

ఆ రోజుల్లో కామారెడ్డి చుట్టుపక్కల ఎవరు కొత్త ఇల్లు కట్టినా, చూడవచ్చిన జనం ముందు నేల చూసేవారు. గోడలూ తలుపులూ ఆ తరువాతే. టైల్స్ అప్పుడప్పుడే ఊళ్లలోకి వస్తున్నాయి. నేను ఇరవై రెండేళ్ల టైల్స్ మేస్త్రీని. ఎల్లారెడ్డి నుంచి బస్సులో వచ్చి పని చేసి పోయేవాణ్ణి. నాకు సందులేని మేస్త్రీ అని పేరు. టైలుకూ టైలుకూ మధ్య బ్లేడు కూడా దూరకుండా వేస్తానని ఆ పేరు. (పెట్టుకున్నది నేనే. జనం చేత అనిపించడానికి ఏడాది పట్టింది.) ఇప్పుడు మోకాళ్లు అరిగి, జుట్టు నెరిశాక, ఆ పేరు తలుచుకుంటే నవ్వూ వస్తుంది, ఒళ్లూ జలదరిస్తుంది. ఎందుకన్నది ఇన్నేళ్లూ దాచాను.

తాడ్వాయి దగ్గర ఒక ఊళ్లో ఒక వదిన ఇల్లు కట్టింది. చుట్టరికం ఏమీ లేదు, పిలుపు మాత్రమే. భర్త దుబాయిలో ఉండేవాడు. జాగ వెతికింది, బేరమాడింది, పునాది తీయించింది అంతా ఆమే. ఊరి చివర గుట్ట కింద జాగ అది. ఆమె అత్తను మేమంతా అవ్వ అనేవాళ్లం. అవ్వది మొదటి నుంచీ ఒకటే మాట: "ఆ జాగ మంచిది గాదు. గాడ ఎన్నడన్న ఎవలన్న ఇల్లు కట్టిండ్రా?" వదిన వినలేదు. చలికాలంలో నేను నేల వేశాను, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఎక్కడా సందు లేకుండా. వదిన వంగి అందులో తన మొఖం చూసుకుని మురిసిపోయింది.

ఎండాకాలంలో మెట్లకు బండలు వేయడానికి మళ్లీ పిలిచారు. మొదటి రోజే అవ్వ నన్ను పక్కకు పిలిచి గొంతు తగ్గించింది.

"మేస్త్రీ, నేల కింద ఏమన్న వెట్టినవా?"

"ఇసుక, సిమెంటు. ఇంకేముంటది అవ్వా?"

"అవి మాట్లాడ్తయా?"

నవ్వేశాను. కానీ మధ్యాహ్నం, ఊరంతా తలుపులు వేసుకున్న వేళ, హాల్లో కూర్చుని అన్నం తింటుంటే నాకూ వినిపించింది. నేల లోపల ఎక్కడో 'టిక్' మని. కాసేపటికి ఇంకాస్త దగ్గరగా. ఎవరో కింద వెల్లకిలా పడుకుని, గోటితో టైలును తట్టి చూస్తున్నట్టు. లేచి నడిస్తే ఒకచోట అడుగు డొల్లగా మోగింది. చెంబులో నీళ్ల మీద సన్నని వలయం ఒకటి పుట్టి ఆగిపోయింది. అవ్వ నా మొఖం చూసింది. నేను చెంబు ఎత్తి ఆ నీళ్లు తాగేశాను.

మూడో రోజు అదే వేళకు తుపాకి పేలినట్టు చప్పుడయింది. మేం ముగ్గురం గుమ్మంలో ఉన్నాం. మా కళ్ల ముందే హాలు మధ్యలో రెండు వరుసల టైల్స్ పైకి లేచి, దండం పెట్టే చేతుల్లా ఒకదానికొకటి ఆనుకుని నిలబడ్డాయి. వాటి కింద చీకటి. వదిన అరవలేదు. గోడకు చెయ్యి ఆనించి నిలబడిపోయింది. అవ్వే అరిచింది. "చెప్పిన గదనే! జాగ మంచిది గాదంటే విన్నవానే?"

నేల ఎందుకు లేచిందో నాకు క్షణంలో అర్థమైంది. ఎండకు టైల్స్ సాగాయి, సాగడానికి నేను సందు ఉంచలేదు. పక్కకు పోలేనిది పైకే లేస్తుంది. ఆ మాట చెబుదామనే నోరు తెరిచాను. "భూకంపం!" అని వచ్చింది.

బడిలో నాకు బాగా వచ్చింది భూగోళం ఒక్కటే. (ఫెయిలయింది లెక్కల్లో.) ఆ పాఠమంతా అవ్వ ముందు ఒప్పజెప్పాను. "భూమి ఒక్క ముక్క గాదవ్వా. పలకలు పలకలుగ ఉంటది. అవి జరుగుతుంటయి. రెండు పలకలు ఒకదాన్నొకటి నూకితే గిట్లనే లేస్తది. హిమాలయాలు గట్ల లేచినయే."

"పలకలంటే? బడి పిలగాండ్ల పలకలా?"

"గసొంటియే. జర పెద్దయి."

అప్పటికి వాకిలి నిండా జనం. పక్కింటామె, "అవు, మా ఇంట్ల గిన్నెలు గల్లుమన్నయి" అంది. ఒకాయన తన మంచం జరిగిందన్నాడు. గుంపులో ఎవరో పట్టుకున్నారు.

"నువ్వు పొలం కాడ ఉంటివి గదనే?"

"పొలం కాడి మంచమే జరిగింది మరి."

ఒక్కొక్కరూ చెబుతుంటే, నమ్మండి, నా అరికాళ్ల కింద కూడా మట్టి సన్నగా వణికింది. నేను చెప్పిన అబద్ధం నా కాళ్ల కిందికే వచ్చి చేరింది.

అక్కడితో ఆగినా బాగుండేది. అవ్వ తెలివిగలది. "ఊరందరికి వస్తే అందరి ఇండ్లల్ల లేవాలె. మా ఇంట్లనే లేచిందేంది?" అంది. అందరూ నా వైపు తిరిగారు. "భూకంపాలు ఎక్కువ ఆ పలకల అంచుల కాడనే వస్తయవ్వా" అన్నాను. ఆగి, ఇంకో మాట కూడా అన్నాను. "ఆ అంచు మీ ఇంటి కిందికెళ్లే పోతున్నట్టుంది."

సాయంత్రానికి ఆ ఇంటికి తాళం పడింది. అత్తాకోడళ్లు చుట్టాల రేకుల షెడ్డులోకి మారారు. ఇల్లు అమ్మెయ్యమని భర్త దుబాయి నుంచి ఫోన్ చేశాడు. భూమి అంచు మీది ఇల్లు ఎవరు కొంటారు? ఆ ఎండలో, ఆ రేకుల కింద, అవ్వ "జాగ, జాగ" అని వదినను పొడుస్తూనే ఉంది. మధ్యాహ్నాలు తాళం వేసిన ఇంట్లోంచి 'ఠప్' మని చప్పుళ్లు వచ్చేవి. (మిగిలిన వరుసలు లేస్తున్నాయి. ఆ సంగతి నాకొక్కడికే తెలుసు.) అటు పోయేవాళ్లు చెప్పులు చేతబట్టుకుని మెల్లగా నడిచేవారు, కింద పడుకున్నదాన్ని లేపకూడదన్నట్టు.

వారం రోజులు నాకు నిద్ర లేదు. చివరికి నాకు సోషల్ చెప్పిన సారును వెంటబెట్టుకొచ్చాను. ఆయన మద్నూర్ మనిషి. ఆయనకు కూడా భూకంపమనే చెప్పాను. తాళం తీయించి లోపలికి వెళ్లాడు. ఏదో పెద్ద జంతువు నేల కింద దొర్లిపోయినట్టు మూడు చోట్ల గట్లు లేచి ఉన్నాయి. సారు గోడలు తడిమాడు. ఒక్క పగులు లేదు. అలమారలో గాజు గ్లాసులు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. లేచిన టైలు అంచును వేలితో రాసి, నా వైపు చూశాడు. నా చెవులు కాలిపోయాయి.

బయటికి వచ్చి జనానికి చెప్పాడు. "మహారాష్ట్రల పెద్ద భూకంపం వచ్చిననాడు నేను మద్నూర్ల ఉన్న. తెల్లారగట్ల గిన్నెలన్ని కింద వడ్డయి, ఊరంత రోడ్డు మీదికొచ్చింది. భూకంపం ఒక్క ఇంటిని ఏరుకోదు. మనమున్న పలక శానా పెద్దది. గోరు పెరిగినంత మెల్లగ ఉత్తరానికి జరుగుతుంటది. దాని అంచు హిమాలయాల కాడ ఉన్నది. ఆడ ఇరుక్కుంటది, ఏండ్లకేండ్లు బిగవట్టుకుంటది, ఒకనాడు ఆపుకోలేక జారుతది. గప్పుడు భూమి ఊగుతది. జపాన్ దిక్కు, అండమాన్ దిక్కు గందుకే ఎక్కువ. నడిమిట్ల ఉన్న మనకు రానే రాదని అనను, ఈడ గూడ పాత పగుళ్లుంటయి. గని అంచు మాత్రం ఈ ఇంటి కింద లేదు."

"మరి నేలెందుకు లేచింది సార్?" వదిన అడిగింది.

"మేస్త్రీ చెప్తడు" అన్నాడు సారు.

అది ఆయన నాకిచ్చిన అవకాశం. వదిన నా నోటి వైపే చూస్తోంది. "ఎండ" అన్నాను. "ఎండ శానా ఉండె గద." సందు మాట మింగేశాను. కూలి తీసుకోకుండా నేలంతా మళ్లీ వేశాను, ఈసారి అన్నిచోట్లా సందులు పెట్టి. ఊరు నన్ను ఎంత మంచివాడో అని మెచ్చుకుంది. వదిన ఆ ఇంట్లోకి తిరిగి వచ్చింది కానీ, జాగ మీద పడ్డ మచ్చ పోలేదు. ఎవరికి జ్వరం వచ్చినా, బర్రె పాలు తగ్గినా, అవ్వ జాగనే అనేది. జాగ అంటే వదినే.

ఈ ఎండాకాలం వెళ్లి అంతా చెప్పేశాను. వదిన వంగి టైల్స్ మధ్య సందును వేలితో తడిమింది. "ఇరవై ఏండ్లు తమ్మీ" అంది. తిట్టి ఉంటే బాగుండేది. తరువాత మంచంలో ఉన్న అవ్వ వైపు తిరిగింది.

"విన్నవా అత్తా? తప్పు జాగది గాదట. మేస్త్రీదట."

"విన్న" అంది అవ్వ. "పిలగాడు మంచోడే. నీ మీద మాట పోవాలెనని తన మీద ఏసుకుంటుండు. నా కాళ్ల కింద కదిలింది నాకు తెల్వదా?"

వదినకు నవ్వు ఆగలేదు. నవ్వుతూనే కొంగుతో కళ్లు తుడుచుకుంది. "నోటి మాట నమ్మదు తమ్మీ. అచ్చుల వచ్చిందైతే నమ్ముతది. రాసియ్యి, నేనే సదివి వినిపిస్త."

అందుకే రాశాను. అవ్వా, వదిన ఉన్నది ఉన్నట్టే చదువుతోంది. జాగ మంచిది. ఉత్త పేరు కోసం హిమాలయాలను తాడ్వాయి దాకా ఈడ్చుకొచ్చిన ఆ ఇరవై రెండేళ్ల పిలగాణ్ణి తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది, తల దించుకుని నవ్వే నవ్వు. ఆ రోజు భూమి కదలలేదు అవ్వా. వణికింది నేనే.