ముత్తయ్య సారు కొట్టిన నాలుగు దెబ్బలు

2023 జూలై. బూర్గంపాడు దగ్గర ఒక హైస్కూల్లో ప్రైమరీ టీచర్లకు ఫస్ట్ ఎయిడ్ నేర్పమని నన్ను పంపారు. ప్రైమరీ హెల్త్ సెంటర్లో స్టాఫ్ నర్సుగా నాకప్పటికి పదిహేనేళ్ళ సర్వీసు. అడవి పల్లెల బడులకు అంబులెన్స్ చేరేలోపు పిల్లల దగ్గర ఉండేది టీచరే. అందుకే ఈ క్లాసంటే నాకు ఇష్టం.

ఆ ఉదయం చోకింగ్ గురించి చెప్పాను. అంటే తిన్నది గొంతులో అడ్డంపడి ఊపిరి ఆడకపోవడం. మనిషి దగ్గలేక, మాట్లాడలేక అవస్థ పడుతుంటే ముందుకు వంచి, వీపు మీద రెండు రెక్క ఎముకల మధ్య అరచేతి మొదలుతో ఐదుసార్లు గట్టిగా కొట్టాలి. వీటిని బ్యాక్ బ్లోస్ అంటారు. అప్పటికీ రాకపోతే పొట్ట మీద నొక్కే పద్ధతి వేరే ఉంది.

ప్రాక్టీసులో అందరూ బొమ్మ వీపు మీద దబదబా బాదారు. ముత్తయ్య సారు మాత్రం జోకొట్టినట్టు తట్టారు. ఒక అడవి పల్లె బడిలో ఆయనొక్కరే టీచరు, రిటైర్మెంటుకు ఇంకా రెండేళ్ళుంది. ఇంకాస్త గట్టిగా అంటే నొచ్చుకున్నారు.

"ఇన్నేండ్ల సర్వీసుల ఒక్క పిల్లగాన్ని కొట్టలే సిస్టర్. చెయ్యి లేస్తలేదు."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఈయన వల్ల కాదులే అనుకున్నాను.

మధ్యాహ్నం వరండాలో కోడికూరతో భోజనాలు. పక్కనున్న టీచరమ్మ పాముకాటు గురించి ఏదో అడిగితే, నోట్లో ముద్ద ఉండగానే జవాబు మొదలుపెట్టాను. మాట సగంలో ఆగిపోయింది. ముక్క కిందికి దిగలేదు, పైకి రాలేదు. గాలీ లోపలికి పోలేదు.

అప్పుడు నేను చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ ఆశ్చర్యమే. నేర్పడానికొచ్చిన దాన్ని, అందరి ముందూ ఇదేం ఖర్మ అని సిగ్గేసింది. నవ్వుమొహం పెట్టి, చేయి కడుక్కోవడానికి పోతున్నట్టు లేచి, బడి వెనక నల్లా దగ్గరికి నడిచాను. కళ్ళకు చీకట్లు కమ్ముతున్నాయి. ఇంటి దగ్గరున్న మా పాప గుర్తొచ్చింది.

"సిస్టర్, గొంతుల ఇరికిందా?"

వెనక ముత్తయ్య సారు. తల ఊపాను. ఆయన కేకేసి మనుషుల్ని పిలుస్తూనే నా ఛాతీకి ఒక చేయి అడ్డం పెట్టి వంచారు. మొదటి దెబ్బకే ఒళ్ళంతా అదిరింది. ఒకటి, రెండు అని పైకే లెక్కపెడుతూ కొట్టారు. నాలుగో దెబ్బకు ముక్క ఊడి కింద పడింది.

ఊపిరి అందాక చూస్తే ఆయన కళ్ళనిండా నీళ్ళు. నొప్పి పుట్టిందా అని బిక్కమొహంతో అడిగారు. ప్రాణం పోసి ఇంకా నొప్పి సంగతేంటి సార్ అన్నాను. నా సంగతి ఎలా కనిపెట్టారని అడిగితే చెప్పారు.

"జవాబు సగంల ఆపి లేసిన్రు కదా. బడిల పిల్లలు గూడ ఏమన్నయితే గిట్లనే, ఎవ్వరికి చెప్పకుంట నవ్వుకుంట బయటికి పోతరు. నేను ఎనకనే పోత."

డాక్టరుకు చూపించుకుని వచ్చి, సాయంత్రం క్లాసులో జరిగిందంతా దాచకుండా చెప్పాను. ముత్తయ్య సారు సిగ్గుపడి కిటికీ వైపు చూస్తూ కూర్చున్నారు.

అంతకుముందు, ఊపిరాడని మనిషి గొంతు పట్టుకుని సైగ చేస్తాడని బోర్డు మీద బొమ్మ గీసి చెప్పేదాన్ని. సిగ్గుపడి లేచి వెళ్ళిపోతాడని చెప్పేదాన్ని కాదు. ఇప్పుడు మొదట చెప్పేది అదే: తింటూ తింటూ మాట ఆపి లేచిన మనిషిని ఒంటరిగా పోనివ్వకండి.

ఆ మాట టీచర్లు గట్టిగానే పట్టుకున్నారు. ఎక్కడ క్లాసు పెట్టినా, భోజనాల వేళ నేను లేస్తే చాలు, వెనకే ఇద్దరు లేస్తారు. బాగానే ఉన్నానని నోరు తెరిచి చెప్పేదాకా కూర్చోరు.